పైసలు ముట్టినోడు

యెషయాకు ఇరవై ఏళ్లు నిండిన ఏడాదే కరీంనగర్‌లోని గుల్షన్ క్లబ్బులో మార్కరు పని దొరికింది. అప్పటికి పోలీసు యాక్షన్ జరిగి ఏడాది దాటింది. పాత నిజాం దివాణం అధికారులు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. మద్రాసు వైపు నుంచి కొత్తవాళ్లు వచ్చారు. క్లబ్బు పేరు మాత్రం మారలేదు, కోర్టూ మారలేదు.

మార్కరు అంటే క్లబ్బు జీతగాడే. పొద్దున్నే లేచి మొరం కోర్టు మీద నీళ్లు చల్లి రోలరు లాగాలి. సున్నంతో గీతలు గీయాలి. తెగిన రాకెట్లకు నరాలు బిగించాలి. సాయంత్రం అధికారులు వచ్చాక, ఆడడానికి ఒక మనిషి తక్కువైతే ఆ మనిషి తనే కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు రాకెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి చూపించాలి. ఇదంతా యెషయాకు కష్టమనిపించలేదు. ఆ కోర్టు మీద అడుగు పెట్టగానే వాడి ఒంట్లోకి ఏదో కొత్త నెత్తురు ఎక్కినట్టుండేది.

వాడి బాపు యేసుదాసు మిషన్ ఆసుపత్రిలో తోటమాలి. అక్కడి డాక్టరమ్మకు టెన్నిస్ అంటే ప్రాణం. ఆసుపత్రి వెనక సొంతంగా ఒక కోర్టు వేయించుకుంది కానీ, ఆమెతో ఆడేవాళ్లు ఊళ్లో లేరు. చివరికి మాలి కొడుకు చేతికే రాకెట్ ఇచ్చింది. ఆరేళ్లు నేర్పింది. ఎడమవైపు వచ్చే బంతిని కిందికి కోసినట్టు కొట్టే దెబ్బ ఆమెదే. ఆ బంతి నెట్టు దాటగానే చచ్చిన పిట్టలా నేల మీద పడేది. ఆమె ఇంగ్లండుకు వెళ్లిపోయాక ఆ దెబ్బ ఆ జిల్లాలో యెషయా ఒక్కడి దగ్గరే మిగిలింది.

క్లబ్బులో వాడి ఆట ఏపాటిదో మొదట గుర్తుపట్టినవాడు రామచంద్రం. సుల్తానాబాద్ మనిషి. హైదరాబాద్‌లో వకీలు చదువు చదివి, కరీంనగర్ కచేరీలో ప్రాక్టీసు పెట్టాడు. యెషయా కంటే మూడేళ్లు పెద్ద. పొడుగ్గా, చురుగ్గా ఉండేవాడు. ఓడిపోతే రాత్రి నిద్ర పట్టదని తనే చెప్పుకునేవాడు. రెండేళ్లపాటు రోజూ పొద్దున కచేరీకి వెళ్లే ముందు యెషయా దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకుంటున్నకొద్దీ తనకూ మార్కరుకూ మధ్య ఉన్న తేడా ఎంతో అతనికి తెలిసివచ్చింది.

"నువ్వు ఈడ సున్నం గీతలు గీసుకుంట కూసునేటోనివి కాదు యెషయా," అన్నాడొకరోజు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "హైదరాబాద్ పోయి టోర్నమెంటు ఆడాలె."

"నన్నెవరు ఆడనిస్తరు వకీల్‌సాబ్?"

"ఎందుకు ఆడనియ్యరు? రూలు ప్రకారం పోతే ఎవరైనా ఆడొచ్చు."

ఆ రూలు ఎవరిదో కూడా రామచంద్రమే చెప్పాడు. అప్పటికి అతను క్లబ్బు సెక్రటరీ అయ్యాడు. టెన్నిస్ మండలి నుంచి వచ్చే కాగితాలన్నీ అతని చేతి మీదుగానే పోయేవి.

"ఢిల్లీల జాతీయ టెన్నిస్ మండలి అని ఉన్నది. తెల్లదొరలు, రాజులు కలిసి పెట్టిన్రు. దేశంల యాడ టోర్నమెంటు జరిగినా వాళ్ల హుకుం కావాలె. ఎవరు మొదటోడు, ఎవరు రెండోడు అని ఏడాదికొక లిస్టు తీసేది వాళ్లే. విలాయత్‌కు టీం పంపేది వాళ్లే. దాని కింద రాష్ట్రానికొక మండలి. మన క్లబ్బు హైదరాబాద్ మండలి కిందికొస్తది."

"గంత పెద్ద కచేరీ ఎట్లుంటదో సాబ్!"

రామచంద్రం నవ్వాడు. "కచేరీ యాడిది? సెక్రటరీ ఇల్లే కచేరీ. సెక్రటరీ మారితే కాగితాల బీరువా బండెక్కి ఇంకో ఊరికి పోతది."

పందొమ్మిదివందల యాభైమూడు చివర్లో ఫారాలు వచ్చాయి. రామచంద్రం తనదొకటి, యెషయాదొకటి రెండూ ఇంగ్లీషులో నింపాడు. యెషయా ఫారం కింద వేలు పెట్టి చూపించాడు.

"ఈడ దస్కత్ పెట్టు."

"ఏం రాసున్నది సాబ్ దీంట్ల?"

"నువ్వు ఆటను ఇష్టంతోని ఆడుతున్నవని."

అంతకంటే నిజమైన మాట మీద యెషయా తన జన్మలో సంతకం పెట్టలేదు. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, తన పేరు రాశాడు.

జనవరిలో ఇద్దరూ ఒకే బస్సులో హైదరాబాద్ వెళ్లారు. రామచంద్రం తన పాత కాన్వాసు బూట్లు యెషయాకు ఇచ్చాడు. అవి ఒక వేలు పెద్దవి. ముందు భాగంలో దూది కుక్కుకుని యెషయా కోర్టులోకి దిగాడు.

మొదటి రోజు ఒక కాలేజీ కుర్రవాణ్ణి గంటలో ఓడించాడు. రెండో రోజు మిలిటరీ కెప్టెను. ఆయన సర్వీసు తుపాకి గుండులాగా వచ్చేది. రెండు గేములు పోగొట్టుకున్నాక దాన్ని అందుకోవడానికి ఎక్కడ నిలబడాలో యెషయాకు అర్థమైంది. ఆ తర్వాత కెప్టెను ఊపిరి అందక నెట్టు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. మూడో రోజు వచ్చినవాడు బొంబాయి మనిషి, జాతీయ మండలి లిస్టులో పేరున్నవాడు. ఏదో నూలు కంపెనీలో ఆఫీసరని చెప్పుకున్నారు కానీ, ఏడాదిలో పది నెలలు ఊరూరా టెన్నిస్ ఆడడమే అతని ఉద్యోగం. రైలు టిక్కెట్లు, హోటలు గది కంపెనీవే. పక్కన నాలుగు కొత్త రాకెట్లు కాగితం కూడా విప్పకుండా పెట్టుకున్నాడు. యెషయా చేతిలో ఉన్నది ఒక్కటే, అదీ తనే నరాలు బిగించుకున్నది.

ఆ రోజు డాక్టరమ్మ దెబ్బ ముప్పై నలభైసార్లు పడి ఉంటుంది. బొంబాయి ఆయన ముందుకు ఉరికి ఉరికి వంగి, చివరికి రాకెట్ విసిరేశాడు. కుర్చీల్లో కూర్చున్న జనం లేచి చప్పట్లు కొట్టారు. యెషయా తల వంచుకుని, అలవాటు కొద్దీ, కోర్టు మీద చెల్లాచెదురుగా ఉన్న బంతులు ఏరబోయాడు. "నువ్వెందుకు ఏరుతున్నవ్, బయటికి రా," అని ఎవరో అరిచారు. వాడికి నవ్వొచ్చింది. అంత హాయిగా వాడు ఎప్పుడూ నవ్వలేదు.

ఆ సాయంత్రం రామచంద్రం కూడా తన మ్యాచ్ గెలిచాడు. సెమీఫైనల్ ఎవరెవరికో పలక మీద సుద్దతో రాశారు. కరీంనగర్ యెషయా, కరీంనగర్ రామచంద్రం. ఇద్దరూ ఇరానీ హోటల్లో చాయ్ తాగారు. రామచంద్రం ఎక్కువ మాట్లాడలేదు. అలిసిపోయాడేమో అనుకున్నాడు యెషయా.

"రేపు మనిద్దరికే పడ్డది వకీల్‌సాబ్."

"ఔ," అన్నాడు రామచంద్రం, సాసరులోని చాయ్ వైపు చూస్తూ. "మనిద్దరికే."

మర్నాడు పొద్దున ఆటకు గంట ముందు యెషయాను కమిటీ డేరాలోకి పిలిచారు. శేర్వాణీ వేసుకున్న ముసలాయన, హైదరాబాద్ మండలి సెక్రటరీ, మేజా వెనక కూర్చుని ఉన్నాడు. ముందు ఒక నీలం అట్ట పుస్తకం. పక్క కుర్చీలో రామచంద్రం, ఆట బట్టల్లోనే.

"నీ నౌకరీ ఏంది?" అని అడిగాడు సెక్రటరీ.

"గుల్షన్ క్లబ్బుల మార్కర్ను సాబ్," అన్నాడు యెషయా తడుముకోకుండా. అది దాచవలసిన సంగతని వాడికెవరూ చెప్పలేదు.

ముసలాయన రామచంద్రం వైపు తిరిగాడు. "మీరు చెప్పింది సహీయే, వకీల్‌సాబ్." మళ్లీ యెషయాతో అన్నాడు: "చూడు బేటా, ఇది జాతీయ మండలి కానూన్. ఆట నేర్పి పైసలు తీసుకున్నోడు ప్రొఫెషనల్. ఊరికె, శౌక్‌కు ఆడెటోడు అమెచ్యూర్. మా టోర్నమెంటుల అమెచ్యూర్లు మాత్రమే ఆడాలె. నువ్వు అమెచ్యూరని దస్కత్ పెట్టినవు. అది తప్పు. నువ్వాడిన మూడు ఆటలు రద్దు చేసినం."

యెషయాకు సగమే అర్థమైంది. రద్దు అన్న మాట మాత్రం బాగా అర్థమైంది. వాడు రామచంద్రం వైపు చూశాడు. రామచంద్రం నీలం పుస్తకం వైపు చూస్తున్నాడు.

"నేను క్లబ్బు సెక్రటరీని యెషయా. నీ జీతం రసీదు మీద దస్కత్ పెట్టేది నేనే. అడిగినాక అబద్ధం ఎట్ల ఆడుత చెప్పు?"

ఒక ప్రశ్న యెషయా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ డేరాలో అంతమంది పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. బయట ఆటకు జనం చేరుతున్నారు. వాడు ఆ ప్రశ్న మింగి, రెండు చేతులూ జోడించి బయటికి వచ్చాడు. పలక మీద తన పేరును ఎవరో తడిబట్టతో తుడుస్తున్నారు. బొంబాయి ఆయన ముందు రోజే రైలెక్కి వెళ్లిపోయాడు. యెషయా బదులు ఆడేవాళ్లు లేక రామచంద్రం సెమీఫైనల్ ఆడకుండానే ఫైనల్‌కు చేరాడు. అక్కడ ఓడిపోయాడు కానీ రెండో బహుమతి కప్పు తెచ్చుకున్నాడు. ఆ కప్పును గుల్షన్ క్లబ్బు అద్దాల బీరువాలో పెట్టారు. దాన్ని తుడవడం మార్కరు పనే.

ఇంటి దగ్గర యేసుదాసు అంతా విన్నాడు. చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టాడు. తర్వాత అన్నాడు:

"మనం ముడితే బాయి నీళ్లు మైలపడ్తయనేటోళ్లు కొడుకా. నా చిన్నప్పుడు చూసిన. గిప్పుడు మనం పైసలు ముడితే ఆట మైలపడ్తదట."

ఆ కప్పు తుడిచిన మూడో వారం యెషయా రామచంద్రం దగ్గరికి వెళ్లి, దీనికేమైనా దారి ఉందా అని అడిగాడు. ఉంది. అదీ నీలం పుస్తకంలోనే ఉంది. ఆట మీద ఒక్క పైసా తీసుకోకుండా రెండేళ్లు గడిపితే, జాతీయ మండలికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు తలుచుకుంటే మళ్లీ అమెచ్యూరని ఒప్పుకుంటారు.

"నేను సిఫారసు రాస్త," అన్నాడు రామచంద్రం. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నట్టుంది.

యెషయా మార్కరు పని మానేశాడు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. భార్య రిబ్కమ్మది ఆదిలాబాద్ జిల్లా బోథ్. ఆమె అన్న ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. అతని మాట మీద యెషయాకూ అక్కడ పని దొరికింది. పత్తి బండ్లు దించడం, గింజ తీసిన దూదిని బేళ్లు కట్టే చోటికి మోయడం. సాయంత్రం అయ్యేసరికి కనురెప్పల మీద, ముక్కుల్లో, చెవుల్లో దూది పీచు. పని అయిపోయాక గోదాము వెనక గోడకు బంతి కొట్టుకునేవాడు. గోడ మీద బొగ్గుతో నెట్టు ఎత్తున గీత గీసుకున్నాడు. ఆ ఊళ్లో కోర్టు లేదు. ఉన్నా వాణ్ణి రానిచ్చేవాళ్లు కారు.

రెండేళ్లు నిండగానే మిషన్ బడి టీచరు ఆనందమ్మ చేత ఇంగ్లీషులో దరఖాస్తు రాయించాడు. హైదరాబాద్ మండలికి పంపాడు. వాళ్లు ఢిల్లీకి పంపాలి. జవాబు కోసం ఎదురుచూస్తుండగానే ఆంధ్రప్రదేశ్ వచ్చింది. హైదరాబాద్ మండలి, ఆంధ్ర మండలి కలిసి కొత్త మండలి అయ్యాయి. ఏడాది తర్వాత కొత్త సెక్రటరీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పాత మండలి కాగితాలు తమకు చేరలేదు, అందుచేత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, కొత్త మండలిలో నమోదైన నాటి నుంచే రెండేళ్లు లెక్కకు వస్తాయి.

ఆనందమ్మ ఉత్తరం చదివి కళ్లద్దాలు తీసింది. "నువ్వు కూలి చేసుకుంట బతికిన రెండేండ్లు లెక్కల లేవంటున్నరు యెషయా."

"ఇంక రెండేండ్లే గదా టీచరమ్మా," అన్నాడు యెషయా.

ఆ రెండేళ్లలోనే మిల్లు మేనేజరు గోదాము వెనక వాడి ఆట చూశాడు. నాగపూర్ వైపు మనిషి. తన ఇంటి ఆవరణలో కోర్టు వేయిస్తాననీ, తన కొడుకులిద్దరికీ నేర్పితే బేళ్లు మోసే పని తప్పించి, జీతం మీద ఇంకొంత ఇస్తాననీ అన్నాడు. యెషయా వద్దన్నాడు. ఆ మాట రిబ్కమ్మకు ఎవరో చెప్పారు. అప్పటికి వాళ్లకొక బిడ్డ. యెషయాకు దూది దగ్గు మొదలైంది.

"ఎందుకు వద్దన్నవ్?" అంది రిబ్కమ్మ, వాడు కాళ్లు కూడా కడుక్కోకముందే.

"పైసలు తీసుకుంటే మళ్ల మొదటికొస్తది. ఇంక ఏడాదే ఉన్నది."

"నాకు తెల్వక అడుగుత. కుండలు చేసేటోడు కుండలమ్మి తింటడు. సాలోడు బట్ట అమ్మి తింటడు. నీకొచ్చిన విద్య నువ్వు అమ్ముకుంటే గా ఢిల్లోళ్లకు ఏం పోతది?"

"వాళ్ల రూలు అట్లున్నది."

"గా రూలు పెట్టినోళ్లు ఏం తిని బతుకుతున్నరు?"

యెషయా వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చాడు. ఆమె వాడి ముందు అన్నం గిన్నె పెట్టి అవతలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆమె టెన్నిస్ అన్న మాట ఎత్తడం మానేసింది. గోడకు బంతి తగిలే చప్పుడు వినబడితే తలుపు దగ్గరికి వేసుకునేది.

వాడు మాత్రం ఆ గోడ దగ్గరే ఉండిపోయాడు. యాభైతొమ్మిదిలో రెండో దరఖాస్తు వెళ్లింది. పాత క్లబ్బు నుంచి పని మానేసినట్టు సర్టిఫికెట్టు కావాలన్నారు. యెషయా కరీంనగర్ పోయి మూడు రోజులు తిరిగి తెచ్చాడు. రామచంద్రం అప్పటికే హైదరాబాద్ హైకోర్టుకు మారిపోయాడు. అరవై ఒకటిలో ఢిల్లీ నుంచి అచ్చు కాగితం వచ్చింది. దరఖాస్తు అందింది, సర్వసభ్య సమావేశంలో పరిశీలిస్తారు. సమావేశం ఏడాదికొకసారి. అరవై రెండులో చైనా యుద్ధమని వాయిదా. ఆ మరుసటేడు కోరం లేదని వాయిదా. తర్వాత కార్యదర్శి మారాడు, ఆఫీసు కలకత్తాకు పోయింది. ప్రతి ఏడూ ఆనందమ్మ ఒక జ్ఞాపక పత్రం రాసేది. ప్రతి ఏడూ ఒకే వాక్యం తిరిగి వచ్చేది: పరిశీలనలో ఉన్నది. యేసుదాసు ఆ మధ్యలోనే చనిపోయాడు. మేనేజరు కొడుకులకు నాగపూర్ నుంచి వచ్చిన ఒక మార్కరు నేర్పాడు. బేళ్లు మోసి మోసి యెషయా కుడి భుజం కొంచెం కిందికి జారింది. సర్వీసు చేసేటప్పుడు చెయ్యి పూర్తిగా పైకి లేచేది కాదు.

ఇక మానెయ్యమని తనకు తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. పదేళ్లు పోయాక ఆ పదేళ్లు దేనికోసం పోయాయో చెప్పుకోవడానికైనా ఆ ఉత్తరం రావాలనిపించేది.

అరవై ఎనిమిది వానాకాలంలో వచ్చింది. పొడుగాటి కవరు, మండలి ముద్రతో. ఆనందమ్మ లోపలి కాగితం మొదట తనలో తాను చదువుకుంది. తర్వాత తెలుగులో చెప్పింది. ఆ ఏడు లండన్‌లో జరిగిన పెద్ద టోర్నమెంటులో డబ్బుకు ఆడేవాళ్లనూ ఆడనిచ్చారట. జాతీయ మండలి కూడా అమెచ్యూరు, ప్రొఫెషనల్ అనే తేడా తీసేసిందట. ఇక ఎవరైనా ఆడవచ్చు.

"అయితే ఒప్పుకున్నరా టీచరమ్మా?"

ఆనందమ్మ కాగితంలోని చివరి వాక్యం మళ్లీ ఒకసారి చదివింది.

"ఒప్పుకోలే. కాదనలే. గా తేడానే లేదు గనుక నీ దరఖాస్తు మీద నిర్ణయం చెప్పే జరూరత్ లేదని రాసిన్రు. ఫైలు మూసేసిన్రట."

యెషయా కాగితం తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూశాడు. తర్వాత సరిచేసి చూశాడు. వాడికి ముప్పై తొమ్మిదేళ్లు.

ఆ డిసెంబరులోనే ఆదిలాబాద్‌లో కొత్తగా కట్టిన సిమెంటు కోర్టు తెరవడానికి రామచంద్రం వచ్చాడు. ఇప్పుడు అతను రాష్ట్ర మండలి అధ్యక్షుడు, జాతీయ మండలిలో సభ్యుడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. షామియానా కింద నిలబడి మండలి చరిత్ర చెప్పాడు. రాజుల కాలంలో పుట్టిన సంస్థ ఎట్లా సామాన్యుల వాకిటికి వచ్చిందో, ఎట్లా ఎన్నో కష్టాలకోర్చి దేశంలో ఆటను నిలబెట్టిందో, ఇప్పుడు పాత అడ్డుగోడలను ఎట్లా కూల్చేసిందో చెప్పాడు. ఇకనుంచి ప్రతి జిల్లాకూ జీతమిచ్చి ఒక కోచ్‌ను పెడతామన్నాడు. యెషయా మిల్లు మనుషుల మధ్య, ఎండలో నిలబడి విన్నాడు. కోచ్ అంటే ఏమిటని పక్కవాణ్ణి అడిగాడు. ఆట నేర్పి జీతం తీసుకునేవాడని పక్కవాడు చెప్పాడు.

ఆ సాయంత్రం రిబ్కమ్మే వాణ్ణి పంపింది. "పోయి అడుగు. ఇన్నేండ్లకు నీ విద్యకు కూలి ఇస్తమంటున్నరు. ఆయనకు నువ్వు ఎర్కే గదా."

ట్రావెలర్స్ బంగ్లా వరండాలో రామచంద్రం ఒక్కడే కూర్చుని ఉన్నాడు. యెషయాను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. గుర్తుపట్టాక లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించాడు. యెషయా నిలబడే ఉన్నాడు. వచ్చిన పని చెప్పాడు.

"నీకంటే మంచిగ నేర్పేటోడు ఈ రాష్ట్రంల లేడు. అది నాకు తెలుసు," అన్నాడు రామచంద్రం. లోపలికి వెళ్లి ఒక ఫారం తెచ్చి, జేబులోంచి కలం తీశాడు. పేరు రాశాడు. వయసు రాశాడు. మూడో వరుస దగ్గర కలం ఆగింది.

"ఏమైంది సాబ్?"

"కోచ్‌కు ఒక రూలు పెట్టినం. రాష్ట్ర టోర్నమెంటుల కనీసం క్వార్టర్ ఫైనల్ ఆడినట్టు రికార్డు ఉండాలె."

"ఆడిన గద సాబ్! గెలిచిన గూడ. సెమీఫైనల్ దాక వచ్చిన. మీరు అక్కడ్నే ఉన్నరు."

"ఉన్న. కానీ అవి రద్దయినయి గదా యెషయా. రికార్డు పుస్తకంల నీ పేరు లేదు."

వంటవాడు వచ్చి కోడికూర ఎప్పుడు వడ్డించమంటారని అడిగి వెళ్లాడు.

"నేను కమిటీల మాట్లాడుత. జర టైం పట్టొచ్చు," అన్నాడు రామచంద్రం. "నువ్వొక దరఖాస్తు పెట్టు."

యెషయా నవ్వాడు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో వాడికే తెలియదు. రామచంద్రం చూపు మరల్చుకున్నాడు. పదిహేనేళ్ల కింద డేరాలో మింగిన ప్రశ్న అప్పుడు బయటికి వచ్చింది. యెషయా గొంతు పెంచలేదు.

"వకీల్‌సాబ్, ఒక్కటడుగుత. నేను మార్కర్నని మీకు ముందుగాల్నే ఎర్కే. ఫారం నింపింది మీరే. గా రూలు పుస్తకం మీ బల్ల మీదనే ఉండె. మొదటి రోజే చెప్తే ఆడకపోదును. నా నౌకరీ నేను చేసుకుందును. మూడు ఆటలు ఆడనిచ్చి, మీ ముందల నిలబడే రోజు ఎందుకు చెప్పిన్రు?"

రామచంద్రం కలం మూత పెట్టాడు. అబద్ధం చెప్పాలనుకుంటే అతనికి మాటలు కరువు కాదు. కోర్టుల్లో బతికినవాడు. ఎందుకో ఆ సాయంత్రం చెప్పలేదు.

"నువ్వు అంత దూరం వస్తవనుకోలే," అన్నాడు.

యెషయా కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంకా ఏమైనా అంటాడేమోనని చూశాడు. "సరే సాబ్" అని మెట్లు దిగి వచ్చేశాడు. సగం నింపిన ఫారం బల్ల మీదే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి రిబ్కమ్మకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, చేతులు కొంగుకు తుడుచుకుంది. పదేళ్లుగా ఆ ఆట మీద ఆమెకున్న కోపమంతా ఎటో పోయింది. దాని చోట ఏం పెట్టుకోవాలో తెలియనట్టు భర్త ముఖంలోకి చూసింది.

"నువ్వు మొదటి దినమే ఓడిపోతే," అంది చివరికి, "ఈపాటికి గా క్లబ్బులనే మార్కర్వై ఉందువు."

"ఔ."

"మూడు సార్లు గెల్చుడే నీ తప్పయ్యింది."

యెషయా దగ్గుతూనే తల ఊపాడు.

మార్చిలో హైదరాబాద్ నుంచి ఒక కుర్ర కోచ్ వచ్చాడు. రికార్డు ఉన్నవాడే. ఆదిలాబాద్ ఎండలకు తట్టుకోలేక మే నెలలో సెలవు పెట్టి వెళ్లి మళ్లీ రాలేదు. కోర్టు గేటుకు తాళం వేశారు. యెషయా మరో పదకొండేళ్లు మిల్లులో బేళ్లు మోశాడు. రోజూ ఆ గేటు ముందు నుంచే పనికి పోయేవాడు. ఒకసారి మిల్లు మనిషి ఎవరో, నువ్వు టెన్నిస్ ఆడేవాడివట కదా అని అడిగితే, "లేదు, ఎవరో తప్పు చెప్పిన్రు నీకు," అన్నాడు.